పూత లేని మేపుల్ గిటార్ నెక్: ఎక్కడిదాకా రుద్దాలి, నూనె ఎప్పుడు?

కోట_జంక్షన్ (విజయనగరం):
గిటార్‌కి బోల్టులతో బిగించే మేపుల్ నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి మెడ) తెప్పించాను, ఏ పూతా లేనిది. దాని ముందువైపు వేళ్లు నొక్కే ఫ్రెట్‌బోర్డు రోజ్‌వుడ్, అడ్డంగా ఉండే ఫ్రెట్లు (లోహపు గీతలు) వేసే ఉన్నాయి. వెనకవైపు చెయ్యి జారేలా నున్నగా ఉండాలి, వార్నిష్ జిగట వద్దు. 120 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలెట్టి 2000 దాకా (నంబరు పెరిగేకొద్దీ నున్నటిది) రుద్ది, ఆపైన టంగ్ ఆయిల్ (చెక్కకి పట్టించే గింజల నూనె) పెడదామని ఉంది. శ్రావణంలో ఇక్కడి ఉక్క తెలిసిందే కదా. ఈ వరస సరైనదేనా? నూనె లేకుండా వదిలేస్తే ఏటవుద్ది?

బాడిస:
120 ముట్టుకోవద్దు. మెషిన్ మీద తీసిన నెక్‌కి 220 చాలు. 120 గాట్లు 400 దగ్గర పోయినట్టే ఉంటాయి, నూనె పడగానే ముదురు గీతలై తేలతాయి.

ఫ్రెట్‌బోర్డు అంచుకి మాస్కింగ్ టేపు వేయండి. బాడీలో కూర్చునే హీల్‌ని (నెక్ చివరి భాగం) అసలు రుద్దొద్దు, కొంచెం అరిగినా పాకెట్‌లో (బాడీలో దానికోసం తీసిన గుంట) నెక్ కదులుతుంది. తర్వాత 220, 320, 400. పేపర్‌ని అరచేతిలో గుండ్రంగా పట్టి, నార వెంబడే పొడుగ్గా లాగండి. వేలికొసలతో నొక్కితే పల్లాలు పడతాయి. నంబరు మార్చే ముందు పొడి మొత్తం తుడవాలి, 220 రేణువు ఒక్కటి మిగిలినా 400 పని పాడు.

320 అయ్యాక గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నూగు లేస్తుంది. దాన్ని 400తో నొక్కకుండా కోసేయాలి. ఇలా రెండుసార్లు. ఇది మానేసినవాళ్ల నెక్కే చెమట తగలగానే గరుకెక్కుతుంది.

నున్నన:
బాడిస గారు చెప్పిందంతా సరే. కానీ అసలు చిక్కు 2000 తర్వాత నూనె అనడంలో ఉంది. అంత నున్నబడ్డ చెక్క నూనె సరిగా పీల్చదు, పైన జిగటగా నిలుస్తుంది. మీరు వద్దనుకున్న జిగట అదే! 400 దగ్గర ఆగి నూనె పెట్టండి. పల్చగా రుద్ది, పావుగంటకి మిగిలిందంతా తుడిచేయాలి. మూడు పూతలు చాలు. ఈ తేమలో అసలైన టంగ్ ఆయిల్ చాలా నెమ్మదిగా ఆరుతుంది, పూతకీ పూతకీ మధ్య కనీసం రెండు మూడు రోజులు ఆగండి, ఇంకా చేతికి అంటుతుంటే మరో రోజు.

అంతా గట్టిపడ్డాక 800, 1500, 2000 తేలిగ్గా వేసి, మందపాటి జీన్స్ గుడ్డతో వేడి పుట్టేదాకా రుద్దండి. మెరుపు అక్కడొస్తుంది. స్టీల్ ఊల్ (సన్నటి ఇనప పీచు) పికప్‌లున్న (తీగల శబ్దాన్ని పట్టే అయస్కాంత భాగాలు) గిటార్ దగ్గర వద్దు, ఇనప పొడి అయస్కాంతాలకి పట్టేస్తుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట విప్పి ఆరేయండి.

నూనె లేకుండా అంటే, మామూలు మేపుల్ తెల్లచెక్క కాబట్టి మురికి నల్లగా దిగుతుంది. తేమ త్వరగా పీల్చి త్వరగా వదులుతుంది, నెక్ వంపు మారినప్పుడల్లా ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) తిప్పుకోవాలి. రోస్టెడ్ మేపుల్ (ముందే వేడిలో కాల్చినది) అయితే వదిలేయమనేవాణ్ణి.

కోట_జంక్షన్:
ధన్యవాదాలండీ. ఏటికొప్పాక బొమ్మలకి మొగలిరేకు పట్టి మెరుపు తెస్తారు కదా, అది దీనికి పనికొస్తుందా?

బాడిస:
రాదు బాబూ. అది లేత్ మీద తిరుగుతూ రాపిడి వేడికి మెత్తబడ్డ లక్కని సర్దడానికి. ఇక్కడ లక్కా లేదు, లేతూ లేదు. జీన్స్ గుడ్డ చాలదనిపిస్తే గాజు సీసా నున్నటి వైపుతో నార వెంబడి రుద్దండి. ఇనుము వద్దు, మేపుల్ మీద బూడిదరంగు చారలు పడొచ్చు.