హ్యూస్టన్ బఫలో బాయూ పార్కుకు పెద్దవారిని తీసుకువెళ్లడం గురించి సలహా కావాలి

వచ్చే సెప్టెంబరులో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి హ్యూస్టన్ వస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్నా ఉదయం కాసేపు నడవనిదే నాన్నగారికి తోచదు కనుక, వారిని బఫలో బాయూ పార్కుకు తీసుకువెళ్లాలని ఎంతో ఆశగా ఉంది. షెపర్డ్ డ్రైవ్ నుంచి సబీన్ స్ట్రీట్ వరకు 160 ఎకరాల్లో విస్తరించిన ఆ పార్కులో సైకిళ్లు కూడా తిరిగే వెడల్పాటి సిమెంటు బాటతో పాటు, పాదచారులకే కేటాయించిన కిండర్ ఫుట్‌పాత్ కూడా ఉంది. వెనుక నుంచి సైకిలు గంట వినపడినా నాన్నగారు చప్పున పక్కకు తప్పుకోలేరు కాబట్టి రెండోదే మేలని నా అభిప్రాయం. అందులో ఎత్తుపల్లాలు తక్కువగా, నీడ, కూర్చోవడానికి బెంచీలు ఎక్కువగా ఉన్న భాగం ఏది? దానికి దగ్గరలో కారు ఎక్కడ నిలపవచ్చు?

గట్టి వాన కురిస్తే పార్కు గుండా పారే బఫలో బాయూ వాగు పొంగి బాటలపై ఒండ్రు మేట వేస్తుంది. 2017లో హార్వీ తుఫాను తర్వాత అక్కడ మిగిలిన బురద అంతా ఇంతా కాదు. మామూలు వానల తర్వాత కాలు జారే భయం లేకుండా నడవాలంటే ఎన్నాళ్లు ఆగాలి?

పార్కులోని వా డ్రైవ్ వంతెన సందుల్లో సుమారు 2,50,000 గబ్బిలాలు ఉంటాయని, సంధ్యవేళ అవి గుంపుగా బయటికి వస్తాయని చెప్పగానే అమ్మ వాటిని తప్పక చూడాలన్నారు. వంతెన కింద ఘాటైన వాసన ఉంటుంది గనుక, కాస్త దూరంగా కూర్చుని చూడగలిగే చోటు, చేరుకోవలసిన సమయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.