ఒక్కటే స్లాట్: బాక్‌స్టర్ ఉంచాలా, ఈవీకి మారాలా?

లాసన్స్‌బే
కారు 2014 పోర్షే బాక్‌స్టర్. 2.7 లీటర్ల ఆరు సిలిండర్లు, పీడీకే (ఆటోమేటిక్) గేర్‌బాక్స్, రీడింగ్ 41 వేలు. లాసన్స్ బే కాలనీలో అపార్ట్‌మెంటు, స్టిల్ట్‌లో స్లాట్ ఒక్కటే. కాబట్టి "రెండూ ఉంచుకోండి" అన్న సలహా దయచేసి వద్దు. రోజూ రుషికొండ ఐటీ హిల్‌కి రానూపోనూ పాతిక కి.మీ. లోపే. ఆదివారం పొద్దున్న భీమిలి రోడ్డు, ఏడాదికి రెండుసార్లు అరకు, ఒకసారి విజయవాడ. అంతా కలిపి ఏడాదికి 8 వేల కి.మీ. చూస్తున్నవి: కొత్త బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్, లేదా వాడిన హ్యుందాయ్ అయోనిక్ 5. మార్చాలా, వద్దా? మొక్కలు కాపాడమని ఉపన్యాసాలు, ఇంజిన్ చప్పుడు మీద కవిత్వాలు రెండూ పక్కన పెట్టి లెక్క చెప్పండి.

లెక్కలమాస్టారు
పెట్రోలు 108 వేసుకుందాం, మైలేజీ 8.5. ఎనిమిది వేల కి.మీ.కి 941 లీటర్లు, అంటే లక్షా వెయ్యి చిల్లర. ఈవీకి గోడ దగ్గర, అంటే చార్జింగ్ సాకెట్ దగ్గర కొలిస్తే, యూనిట్‌కు 5.5 కి.మీ., యూనిట్ పది రూపాయలు వేస్తే 1,455 యూనిట్లు, 14,550 రూపాయలు. మిగులు ఏడాదికి 87 వేలు.

ఇప్పుడు రెండో వైపు. సీల్ పెర్ఫార్మెన్స్ 2024లో 53 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు వచ్చింది. బాక్‌స్టర్ అమ్మిన డబ్బు పోను చేతి నుంచి పాతిక లక్షలు పెట్టారనుకోండి. ఆ డబ్బు 7 శాతం డిపాజిట్‌లో ఉంటే లక్షా 75 వేలు వచ్చేది. పెట్రోలు మిగులు అందులో సగం. కొత్త కారు విలువ తరుగుదల ఇంకా లెక్కలోకే రాలేదు. ఈవీకి జీఎస్టీ 5 శాతమే అంటారు, నిజమే, అది ధరలో కలిసిపోయింది కాబట్టి మళ్లీ లాభంగా లెక్కేయకూడదు. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 15 శాతం రాయితీ కూడా 2022 రేట్ల ప్రకారం 7,897 బదులు 6,712. దానికి రెండు టిఫిన్లు వస్తాయి.

బాక్‌స్టర్‌కు మాత్రం ఒక గడువు ఉంది. 2029లో ఆర్‌సీ పదిహేనేళ్లు నిండుతుంది. ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ కట్టాలి, దిగుమతి కార్లకు ఆ ఫీజే 40 వేలు. ఆ తేదీ దగ్గర పడేకొద్దీ కొనేవాడు బేరం ఆడతాడు. అమ్మేటట్టయితే 2027 లోపే అమ్మాలి.

ఫ్లాట్‌సిక్స్
మాస్టారు లెక్కతో పేచీ లేదు, కానీ పోల్చేటప్పుడు బరువు వదిలేశారు. బాక్‌స్టర్ 1,340 కిలోలు, సీల్ పెర్ఫార్మెన్స్ 2,185. అంటే 845 కిలోలు తేడా, ఓ మోస్తరు చిన్న కారంత. సీల్ 530 పీఎస్ (హార్స్‌పవర్ లాంటిదే) శక్తితో 3.8 సెకన్లలో వందకు చేరుతుంది, బాక్‌స్టర్ 265 పీఎస్‌తో 5.7 తీసుకుంటుంది. సాగర్‌నగర్ దగ్గర గ్రీన్ పడగానే ఎవరు ముందో అడగక్కర్లేదు. అదే బీచ్ రోడ్డు మలుపులో బ్రేకు వదిలి స్టీరింగ్ తిప్పగానే ఏ కారు ముక్కు లోపలికి తిరుగుతుందో చూడండి. ఆ పనికి పీఎస్ అక్కరకు రాదు.

ఉంచుకుంటే మాత్రం సముద్రం ఒడ్డున ఈ కారుకు మూడు పనులు తప్పవు.

ఒకటి, ముందు బంపర్‌లో రెండు పక్కలా ఉన్న రేడియేటర్లు. వాటి ముందు ఏసీ కండెన్సర్లు ఉంటాయి. బంపర్ నోట్లోంచి ఎండుటాకులు, ఇసుక లోపలికెళ్లి కింది మూలల్లో మెత్తగా పేరుకుంటాయి. ఉప్పుగాలి తేమతో ఆ ముద్ద ఎప్పుడూ ఆరదు, అల్యూమినియం ఫిన్లను తినేస్తుంది, గ్యాస్ లీకవుతుంది. ఏడాదికోసారి బంపర్ విప్పి, వ్యాక్యూమ్‌తో లాగి, తక్కువ ప్రెజర్ నీళ్లతో కడగాలి. బైకులు కడిగే ప్రెజర్ గన్ పెడితే ఫిన్లు పడుకుంటాయి.

రెండు, సాఫ్ట్‌టాప్ నీళ్లు పోయే డ్రెయిన్లు. టాప్ సగం తెరిచి, వెనక మూలల్లో చూస్తే రంధ్రాలు కనిపిస్తాయి. గడ్డి కోసే మెషీన్‌లో వాడే మందపాటి నైలాన్ తీగ మెల్లగా దించి అటూ ఇటూ ఆడించాలి. గాలి కొట్టొద్దు, లోపల గొట్టం జాయింటు ఊడుతుంది, ఆ తర్వాత నీళ్లు బయటికి కాకుండా కార్పెట్ కిందికి పోతాయి. అర గ్లాసు నీళ్లు పోసి కారు కింద కారుతున్నాయో లేదో చూస్తే సరి. జూన్‌కు ముందొకసారి, తుపాన్ల కాలానికి ముందొకసారి.

మూడు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్. కి.మీ. తక్కువ తిరిగిందని వాయిదా వేస్తారు, ఆయిల్ మాత్రం గాల్లో తేమ పీలుస్తూనే ఉంటుంది. అది తెలిసేది అనంతగిరి ఘాట్ దిగేటప్పుడే. నాలుగు మలుపులయ్యాక పెడల్ మెత్తబడుతుంది.

ఆరిలోవ
మరి ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, సంగతేటి? 2014 పోర్షే ఈ10 దాకానే కదా. ఈ తేమకు ట్యాంకులో నీరు చేరదా?

ఫ్లాట్‌సిక్స్
ట్యాంకు సీల్డ్. వారం వారం తిరిగే కారులో నీరు చేరే భయం లేదు. మూడు నెలలు కదపకుండా వదిలేస్తే వేరే మాట. అసలు ఇబ్బంది రబ్బరు సీళ్లు, పంపు, పైపులు. అవి 20 శాతం ఇథనాల్ కోసం చేసినవి కావు. ఇథనాల్‌లో లీటరుకు మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి ఈ10తో పోలిస్తే మైలేజీ మూడు శాతం పైన పడుతుంది. సర్వీసులో ఇంధన లైన్ల చివర్లు చేత్తో తడిమి, పగుళ్లు, పెట్రోలు వాసన చూడమనండి. ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది, వాసన వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

ఎర్త్‌పిట్
అందరూ కారు గురించే మాట్లాడుతున్నారు, గోడ గురించి ఎవరూ అనడం లేదు. ఈయన రోజుకు పాతిక కి.మీ. అంటే రోజుకు ఐదు యూనిట్లు. 16 ఆంప్స్ పాయింటు మీద 3.3 కిలోవాట్లతో గంటన్నర. అంతే. 7 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జర్) ఈయనకు అవసరమే లేదు. షోరూమ్ వాళ్లు ఉచితంగా ఇస్తారు కదా అని పెట్టించుకుంటే వెనక వచ్చేవి చూడండి:

7.4 కిలోవాట్లంటే గంటల తరబడి 32 ఆంప్స్. మీటర్ గది నుంచి స్లాట్‌కు 25 మీటర్లయితే 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ చాలు, వోల్టేజీ ఐదు వోల్టులు పడుతుంది. 40 మీటర్లయితే అదే కేబుల్‌లో దాదాపు 8 వోల్టులు, అప్పుడు 10 స్క్వేర్ ఎంఎం లాగాలి. 40 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ పసిగట్టి కరెంటు ఆపే స్విచ్). చార్జర్ లోపల 6 మిల్లీఆంప్స్ డీసీ లీకేజీ పసిగట్టే ఏర్పాటు ఉంటే టైప్ ఏ ఆర్‌సీసీబీ చాలు, లేకపోతే టైప్ బీ కావాలి. టైప్ బీ ఖరీదు విన్నాక చాలామంది ఏసీ టైప్ బిగించేస్తారు. డీసీ లీకేజీ వస్తే అది కదలదు, అసలు సమయానికి ట్రిప్ కాదు. ఇంట్లో ఏసీలు, గీజరు, ఇది కలిపితే ఏపీఈపీడీసీఎల్‌లో కాంట్రాక్టెడ్ లోడు కూడా పెంచుకోవాలి.

16 ఆంప్స్‌తో సరిపెట్టుకున్నా నిర్లక్ష్యం వద్దు. మామూలు పవర్ సాకెట్ గీజరు కోసం, అంటే పావుగంట కోసం. విజయవాడ నుంచి ఖాళీగా వచ్చి పెడితే పాతిక గంటలు ఆగకుండా లాగుతుంది. లోపల స్క్రూ ఒక్క చుట్టు వదులుగా ఉన్నా న్యూట్రల్ పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత ఉడికిన వాసన. ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టి, దానికో సొంత 20 ఆంప్స్ ఎంసీబీ, 4 స్క్వేర్ ఎంఎం వైరు. మొదటి వారం రెండు గంటలు చార్జ్ అయ్యాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చన సరే, చెయ్యి తీసేయాలనిపిస్తే ఆపేయాలి.

ఇక ఎర్తింగ్. లాసన్స్ బే నుంచి సముద్రం ఎంత దూరమో చెప్పక్కర్లేదు. పాత అపార్ట్‌మెంట్లలో జీఐ పైపు ఎర్తింగ్, పైన క్లాంపు తుప్పు పట్టి పొడి రాలుతుంటుంది. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఈవీ చార్జర్ మాత్రం ఎర్త్ సరిగా లేకపోతే ఎర్రలైటు వేసి మొండికేస్తుంది. కారు పాడైందని సర్వీసుకు ఫోన్లు చేసే కేసుల్లో ఇదే ఎక్కువ. కాపర్ బాండెడ్ రాడ్ కొత్తగా దించి, టెస్టర్‌తో కొలిపించి 5 ఓమ్‌ల లోపు వచ్చాకే కారు బుక్ చేయండి. అసోసియేషన్ నుంచి ఎన్‌ఓసీ కాగితం మీద తీసుకోండి. నోటి మాట, రేపు కొత్త ప్రెసిడెంట్ వస్తే చెల్లదు.

ఘాట్‌రోడ్డు
అరకు విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. మనుషులతో కలిపి 2.3 టన్నుల కారు వెయ్యి మీటర్లు ఎక్కడానికి లెక్క ప్రకారం 6.3 యూనిట్లు, నష్టాలతో ఏడు. దిగేటప్పుడు రీజెన్‌తో, అంటే మోటారే కారును ఆపుతూ బ్యాటరీ నింపడంతో, నాలుగు దాకా వెనక్కి. రానూపోనూ 230 కి.మీ.కి 42 యూనిట్లు, ఘాట్ నష్టం మూడు. సీల్ బ్యాటరీ 82.56 యూనిట్లు. వైజాగ్‌లో నింపుకుని వెళితే దారిలో ప్లగ్గు ముట్టుకోనక్కర్లేదు.

విజయవాడే అసలు పరీక్ష. 350 కి.మీ., ఏసీ, గంటకు 110. యూనిట్‌కు 5 వచ్చినా 70 యూనిట్లు. చేరుకోవచ్చు కానీ చివరి ముప్పై కి.మీ. బ్యాటరీ శాతం చూస్తూ కూర్చోవాలి. రాజమండ్రి దగ్గర ఒక ఆపు పెట్టుకోండి. కారు 150 కిలోవాట్లు తీసుకుంటుందని మురిసిపోవద్దు, 60 కిలోవాట్ల చార్జింగ్ గన్ను ఉన్నచోట 60యే వస్తుంది, పక్కన ఇంకో కారు పెడితే చాలా మెషీన్లు దాన్ని సగం చేస్తాయి. ఒక స్టేషన్ మీద ఆధారపడి బయల్దేరకూడదు, దానికి ముందు ఇంకోటి చూసుకోవాలి.

ఫ్లాట్‌సిక్స్
బాక్‌స్టర్ 64 లీటర్ల ట్యాంకుతో విజయవాడ వెళ్లి, అక్కడ తిరిగి, ఎక్కడా శాతాలు లెక్కపెట్టకుండా ఉంటుంది. అది కూడా రాయండి.

ఘాట్‌రోడ్డు
రాశాను కదా, మీరే రాసేశారు. ఏడాదికి ఒక్క ప్రయాణం కోసం 364 రోజుల కారు ఎంచుకుంటారా?

ఎర్త్‌పిట్
ఈవీలకు ఉప్పుగాలి అంటదనుకునేవాళ్లకు ఒక మాట. రీజెన్ వల్ల బ్రేకులు అరగవు, అదే ఇక్కడ తంటా. డిస్కు మీద రాత్రి పట్టిన తుప్పును ప్యాడ్లు గీకేయవు. నెలల తరబడి అలాగే ఉంటే డిస్కు అంచుల నుంచి గుంటలు పడతాయి, క్యాలిపర్ స్లైడర్ పిన్నులు బిగుసుకుపోతాయి, ఒక చక్రం వేడెక్కుతుంది. వారానికోసారి వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి 20కి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయాలి. రీజెన్ తక్కువలో పెట్టి వేయాలి, లేకపోతే మోటారే ఆపేస్తుంది. ఏడాదికోసారి పిన్నులు తీసి సిలికాన్ గ్రీజు.

రెండోది స్పీడ్‌బ్రేకర్లు. బాక్‌స్టర్ ముందు పెదవి గీసుకుంటే పెయింటు పోతుంది. సీల్ పొట్ట గీసుకుంటే అది బ్యాటరీ ఉన్న చోటు. వానకు జ్ఞానాపురం అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు రెండు కార్లూ వెనక్కి తిప్పాల్సిందే. ఎలాగో దాటేసిన ఈవీని మాత్రం ఆ రాత్రి చార్జింగ్‌కు పెట్టొద్దు, ఇన్సులేషన్ చూపించాకే.

ఆరిలోవ
తుపానొస్తే? హుద్‌హుద్‌కు, 2014 అక్టోబరు 12 తర్వాత, ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు.

ఎర్త్‌పిట్
బంకులకూ కరెంటే కావాలి కదా. హెచ్చరిక రాగానే వందకు నింపి పెడితే అయోనిక్ 5 వీ2ఎల్ (కారు బ్యాటరీ నుంచి బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే ఏర్పాటు) నుంచి 3.6 కిలోవాట్లు ఇస్తుంది. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, ఫోన్లు కలిపి రోజుకు నాలుగు యూనిట్లు అనుకున్నా వారం గడిచిపోతుంది. ఇందులో బాక్‌స్టర్ పోటీకి రాదు.

లెక్కలమాస్టారు
వాడిన అయోనిక్ 5 అయితే నా లెక్క మారుతుంది, తరుగుదల మొదటి యజమాని మోసేశాడు. కానీ రెండు విషయాలు చూడాలి. ఐసీసీయూ అనే భాగం కోసం హ్యుందాయ్ 2024లో మన దేశంలో 1,744 కార్లను వెనక్కి పిలిచింది. అది పోతే 12 వోల్టుల బ్యాటరీకి చార్జింగ్ ఆగి, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు నిలిచిపోతుంది. ఆ రీకాల్ పని జరిగినట్టు ఛాసిస్ నంబరుతో సర్వీసు రికార్డు అడగండి.

రెండోది బ్యాటరీ ఆరోగ్యం. డాష్‌బోర్డు చూపించే రేంజి నమ్మకండి, అది నిన్న ఎలా నడిపారో చెబుతుంది. 20 శాతం నుంచి 80 దాకా ఏసీ చార్జింగ్ పెట్టి, మీటరుతో యూనిట్లు లెక్కపెట్టండి. దాని బ్యాటరీ 72.6 యూనిట్లు, అందులో 60 శాతం 43.6. చార్జింగ్ నష్టం పది శాతం వేస్తే గోడ దగ్గర 48 రావాలి. 43 దగ్గర ఆగిందంటే బ్యాటరీ సుమారు 64కి దిగింది. కారు మీద ప్రేమ లేకుండా బేరం ఆడడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఫ్లాట్‌సిక్స్
సరే, నా మాట కూడా మార్చుకుంటాను, కొంచెం. వారంలో ఐదు రోజులు హనుమంతవాక జంక్షన్‌లో పీడీకే క్లచ్చులు పాకించడానికే అయితే బాక్‌స్టర్ అక్కడ దండగ. కానీ దాన్ని అమ్మి అదే ఆనందం కోసం 2,185 కిలోల కారు కొనడం అంతకన్నా దండగ. ఈవీ అంటే అయోనిక్ లాంటి పనిముట్టు కొనండి, స్పోర్ట్స్ కారు వేషం వేసినది కాదు.

లాసన్స్‌బే
మీటర్ గది నుంచి స్లాట్ దాకా టేపు పెట్టి కొలిచాను, 37 మీటర్లు. ఎర్త్ పిట్ మూత తీస్తే క్లాంపు చేత్తో ఊడొచ్చింది. అసోసియేషన్ మీటింగు వచ్చే ఆదివారం.

ఎర్త్‌పిట్
అయితే 4 స్క్వేర్ ఎంఎంతో, 15 ఆంప్స్‌కి ఐదు వోల్టుల పైన పడుతుంది, పర్వాలేదు. కేబుల్‌ను నేల మీద కాకుండా పైకప్పు వెంట ట్రేలో లాగమనండి, స్టిల్ట్‌లో నీళ్లు నిలుస్తాయి. మీటింగులో మీ స్లాట్ ఒక్కదానికే అడగకండి, ట్రే మరో నలుగురికి సరిపడే వెడల్పు పెట్టిస్తానని చెప్పండి. కాదనేవాళ్లు తగ్గుతారు.