సంక్రాంతి క్విజ్‌కి ఫుట్‌బాల్ కబుర్లు కావాలి, గోదారి జిల్లాల వాళ్ళందరూ రాయండి

గౌతమి గట్టు
అందరికీ నమస్కారం. మాది ఆత్రేయపురం దగ్గర ఊరు. భోగి నాడు మా గ్రంథాలయం అరుగు మీద పిల్లలకి ఫుట్‌బాల్ క్విజ్ పెడుతున్నాం. గెలిచిన జట్టుకి ఒక కొత్త బంతి, ఒక పూతరేకుల పెట్టె. ఏ సంవత్సరం ఎవరు కప్పు గెలిచారు అనే ప్రశ్నలు నా దగ్గర చాలా ఉన్నాయి, కానీ వాటికి జవాబు ఫోన్లో క్షణంలో దొరుకుతుంది. నాకు కథ ఉన్న ప్రశ్నలు కావాలి. పిల్లాడు ఇంటికెళ్ళి అన్నం తింటూ వాళ్ళ అమ్మకి చెప్పేలా ఉండాలి. మీరు ఆ మ్యాచ్ ఎక్కడ చూశారో కూడా రాయండి, అది చదవడం నాకు ఇంకా ఇష్టం.

ముందు నాది. 1966లో ఇంగ్లండులో ప్రపంచ కప్పుని ప్రదర్శనకి పెడితే దొంగలు ఎత్తుకుపోయారు. వారం రోజులు పోలీసులు వెతికారు. చివరికి దొరికింది ఎవరికి? పికిల్స్ అనే కుక్కకి. యజమానితో షికారుకి వెళ్ళి, పొద కింద న్యూస్‌పేపరు చుట్టి ఉన్న పొట్లాన్ని పట్టేసింది. ఆ కప్పే 1970లో బ్రెజిల్‌కి శాశ్వతంగా వెళ్ళింది, 1983లో రియోలో మళ్ళీ దొంగల పాలైంది. ఈసారి పికిల్స్ లేదు. కప్పు ఇప్పటికీ దొరకలేదు.

కొబ్బరితోట కీపర్
కుక్క అంటే గుర్తొచ్చింది. 1962 ప్రపంచ కప్పులో బ్రెజిల్, ఇంగ్లండు ఆడుతుంటే గ్రౌండులోకి కుక్క దూరింది. ఎవరికీ చిక్కలేదు. ఇంగ్లండు ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి దాన్ని బుజ్జగించి పట్టుకున్నాడు. అది ఆయన చొక్కా మీదే పని కానిచ్చేసింది! ఆ కుక్కని బ్రెజిల్ ఆటగాడు గారించా ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్ళాడని గ్రీవ్స్ చెప్పేవాడు.

ఇక మా తోట సంగతి. అమలాపురం దగ్గర మా ఊళ్ళో గోలు స్తంభాలంటే రెండు కొబ్బరి చెట్లు. పైన అడ్డకర్ర ఉండదు. కీపరు ఎగిరినా అందనంత ఎత్తులో బంతి పోతే గోలు కాదని రూలు. నేను పొట్టి. నాకు అందనిది అవతలి కీపరుకి అందుతుంది. అందుకే ప్రతి ఆటా అక్కడే ఆగిపోయేది, కొట్టుకునేదాకా వెళ్ళేది. ఆట మధ్యలో చెట్టు నుంచి మట్ట ఊడి పడితే మాత్రం గొడవ లేదు. ఆట ఆపి, మట్ట పక్కకి లాగి, బంతిని ఇద్దరి మధ్యా వదిలేవాళ్ళం.

ఆ గోలు గొడవలు పడ్డవాణ్ణి కాబట్టి 2010 జూన్ 27 నాకు బాగా గుర్తు. ఇంగ్లండు, జర్మనీ మ్యాచ్. ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డకర్రకి తగిలి గీత లోపల పడి బయటికొచ్చింది. టీవీలో మా అందరికీ కనపడింది. రిఫరీకి కనపడలేదు. అది ఇచ్చుంటే 2-2 అయ్యేది. జర్మనీ 4-1తో గెలిచింది. నేను జర్మనీ అభిమానిని, అయినా ఆ రాత్రి నాకు సంతోషం వేయలేదు. తర్వాతి ప్రపంచ కప్పు నుంచి బంతి గీత దాటగానే రిఫరీ చేతి వాచీకి సంకేతం వెళ్ళే ఏర్పాటు పెట్టారు. ప్రశ్న: ప్రపంచ కప్పులో ఆ యంత్రం చెప్పిన మొదటి గోలు ఏ మ్యాచ్‌లో? జవాబు: 2014, ఫ్రాన్స్, హోండురాస్.

భీమవరం చెరువుగట్టు
కీపర్ గారూ, మీ మట్ట రూలే అసలు రూలు. 2009 అక్టోబర్‌లో ఇంగ్లండు క్లబ్బులు సండర్లాండ్, లివర్‌పూల్ ఆడిన మ్యాచ్ చూడండి. ప్రేక్షకుడెవరో ఎర్ర గాలిబంతి ఒకటి గ్రౌండులోకి విసిరాడు, పిల్లలు బీచ్‌లో ఆడుకునేలాంటిది. సండర్లాండ్ ఆటగాడు డారెన్ బెంట్ కొట్టిన అసలు బంతి దానికి తగిలి దారి మారి గోల్లోకి పోయింది. కీపరు ఏ బంతి వైపు దూకాలో తెలియక నిలబడిపోయాడు. పైనించి వచ్చిన వస్తువు బంతికి అడ్డుపడితే ఆట ఆపి మళ్ళీ మొదలెట్టాలి. రిఫరీ గోలు ఇచ్చేశాడు. సండర్లాండ్ 1-0తో గెలిచింది. కొబ్బరితోటలో అయితే చెల్లేది కాదు.

మా బాధ వేరు. మా గ్రౌండు పక్కన రొయ్యల చెరువు. బంతి అందులో పడితే ఏరియేటర్ల తోపుకి నడి చెరువులోకి వెళ్ళిపోతుంది. రొయ్యలకి రోగాలు వస్తాయని కాపలాదారు ఎవరినీ దిగనివ్వడు, అతని తప్పేం లేదు. పట్టుబడి రోజు దాకా ఆగాల్సిందే. ఒకసారి వల లాగితే రొయ్యలతోపాటు మూడు బంతులు వచ్చాయి.

క్విజ్‌కి నా ప్రశ్న. 2010 ప్రపంచ కప్పుకి జర్మనీ అక్వేరియంలో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌లకి ఎనిమిదీ గెలుపెవరిదో సరిగ్గా చెప్పింది, అందరికీ తెలుసు. మరి ఆ ఫైనల్‌కి పాల్‌తో పోటీపడింది ఎవరు? సింగపూర్‌లో ఒక చిలక జోస్యుడి చిలక, పేరు మణి. మన సంతల్లో చూసేదే, పంజరం లోంచి వచ్చి ముక్కుతో కార్డు లాగే చిలక. క్వార్టర్ ఫైనల్స్ నాలుగూ సరిగ్గా తీసింది. ఫైనల్‌కి మాత్రం నెదర్లాండ్స్ కార్డు లాగింది. స్పెయిన్ గెలిచింది, ఆక్టోపస్ మాట నిలిచింది. ఆ వారమంతా మా వీధిలో చిలక పార్టీ, ఆక్టోపస్ పార్టీ అని రెండు పార్టీలు. నేను చిలక పార్టీ.

పాలకొల్లు అమ్మాయి
2006 ప్రపంచ కప్పు ఫైనల్. ఇటలీ, ఫ్రాన్స్. మనకి రాత్రి పదకొండున్నరకి మొదలు. నాన్నగారూ నేనూ మాత్రమే మేలుకుని చూస్తున్నాం. ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్‌కి అది ఆఖరి మ్యాచ్. ఏడో నిమిషంలో పెనాల్టీ కొట్టాడు, అడ్డకర్రకి తగిలి లోపల పడింది. నాన్నగారు సోఫా మీంచి లేచి నిలబడిపోయారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో కరెంటు పోయింది. చీకట్లో కూర్చున్నాం. దోమలు. రేడియో వెతికితే సెల్లులు లేవు. కరెంటు వచ్చేసరికి తెర మీద జిదాన్ తల వంచుకుని కప్పు పక్కనించి లోపలికి నడిచి వెళ్ళిపోతున్నాడు. మాకేం అర్థం కాలేదు. దెబ్బ తగిలిందేమో అన్నారు నాన్నగారు. రిప్లే చూపించారు. ఇటలీ ఆటగాడు మాటెరాజ్జీ ఛాతీ మీద తలతో గుద్దాడు.

నాన్నగారు ఏమీ అనలేదు. పెనాల్టీలు కూడా చూడకుండా వెళ్ళి పడుకున్నారు. ఇటలీ 5-3తో గెలిచిందని పొద్దున్న నేనే చెప్పాను. ఇప్పుడు ఆయన లేరు. ఆ మ్యాచ్ ఎక్కడ కనపడినా నేను ఏడో నిమిషం దాకే చూస్తాను.

గౌతమి గట్టు
అమ్మాయి గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఇది ప్రశ్నగా అడగను, పిల్లలకి కథగానే చెబుతాను.

యానాం వాడిని
మా ఇంట్లో ఫ్రాన్స్ తప్ప ఇంకో జట్టు లేదండి. తాతయ్య ఫ్రెంచి వాళ్ళ కాలంలో యానాం బడిలో చదివారు, 1954 దాకా ఇక్కడ వాళ్ళ పాలనే కదా. 2022 ఫైనల్ ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి. హాఫ్ టైమ్‌కి అర్జెంటీనా 2-0. ‘ఇక లేదురా’ అని తాతయ్య మందులు వేసుకుని పడుకున్నారు. 80వ నిమిషంలో మా ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే పెనాల్టీ, తర్వాత 97 సెకన్లకే ఇంకో గోలు. మా అరుపులకి తాతయ్య లేచి కర్ర లేకుండా హాల్లోకి వచ్చేశారు. మోకాళ్ళ నొప్పుల మనిషి! 3-3 అయ్యాక చివరి నిమిషంలో మావాడు కోలో ముఆనీ ఒంటరిగా కీపరు ముందుకొచ్చాడు. మార్టినెజ్ ఎడమ కాలు చాపాడు, బంతి దానికి తగిలి పోయింది. పెనాల్టీల్లో ఓడిపోయాం. తాతయ్యకి ఇప్పటికీ ఎంబాపే కొట్టిన గోల్స్ కాదు, ఆ కాలే గుర్తు.

ప్రశ్న: మగవాళ్ళ ప్రపంచ కప్పు ఫైనల్లో మూడు గోల్స్ కొట్టినవాళ్ళు ఇద్దరే. 1966లో జెఫ్ హర్స్ట్, 2022లో ఎంబాపే. ఇద్దరిలో ఓడిపోయింది ఎవరు?

దోహా నుంచి రాజోలు
ఆ ప్రపంచ కప్పుకి నేను అక్కడే ఉన్నానండి, డ్రైవరుగా. ఖతార్‌లో ఉండేవాళ్ళకి కొన్ని టికెట్లు 40 రియాళ్ళకే ఇచ్చారు. అప్పటికి మన డబ్బుల్లో తొమ్మిది వందల లోపు. నాకు దొరికింది నవంబర్ 24, పోర్చుగల్, ఘనా మ్యాచ్. 974 స్టేడియం. ఓడల మీద సరుకు తెచ్చే కంటెయినర్లు 974 వాడి కట్టారు, ఖతార్ ఫోన్ కోడ్ కూడా 974. మా అమ్మ ఎన్నో ఏళ్ళుగా నాకు ఫోన్ చెయ్యాలంటే నొక్కే అంకెలు. లోపలికి వెళ్ళగానే వీడియో కాల్ చేసి ‘అమ్మా, నువ్వు రోజూ నొక్కే నంబరులో కూర్చున్నాను’ అన్నాను. అమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రొనాల్డో పెనాల్టీ కొట్టాడు. అయిదు ప్రపంచ కప్పుల్లో గోలు కొట్టిన మొదటి మగ ఆటగాడయ్యాడు, అది నా కళ్ళ ముందు. కానీ నేను పిల్లలకి చెప్పమనేది చివరి నిమిషాల సంగతి. పోర్చుగల్ 3-2. పోర్చుగల్ కీపరు కోస్టా బంతి పట్టుకుని, తన వెనక ఎవరూ లేరనుకుని తీరిగ్గా కింద పెట్టాడు. వెనక ఘనా ఆటగాడు ఇన్యాకీ విలియమ్స్ పిల్లిలా పొంచి ఉన్నాడు! మా వైపు వాళ్ళందరికీ కనపడుతోంది. ఒక్క కీపరుకే తెలీదు. దూకి బంతి లాక్కున్నాడు, సరిగ్గా కొట్టే సమయానికి కాలు జారి పడ్డాడు. అప్పటికే బయటికొచ్చి కూర్చున్న రొనాల్డో రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నా పక్కన ఘనా అన్న ఒకాయన కుర్చీలో కూలబడిపోయాడు. నేను పోర్చుగల్‌కే అరిచాను, అయినా ఆయన భుజం మీద చెయ్యేశాను.

మిగతా మ్యాచ్‌లు ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర మీద చూశాం. సౌదీ అర్జెంటీనాని 2-1తో కొట్టిన మర్నాడు వాళ్ళ దేశమంతా సెలవిచ్చారు. రియాద్‌లో ఉన్న మా బావ అంత హాయిగా నిద్రపోయి చాలా కాలమైందన్నాడు.

కొబ్బరితోట కీపర్
లెక్కలు బాగా వచ్చే పిల్లలకి ఇది అడగండి. 1994లో కరీబియన్ కప్పు మ్యాచ్, బార్బడోస్, గ్రెనడా. బార్బడోస్ ముందుకి వెళ్ళాలంటే రెండు గోళ్ళ తేడాతో గెలవాలి. ఎక్స్‌ట్రా టైమ్‌లో కొట్టిన గోలుకి రెండు గోళ్ళ లెక్క అని ఆ టోర్నీ రూలు. చివర్లో బార్బడోస్‌ది 2-1 ఆధిక్యం, ఇంకో గోలు పడేలా లేదు. అప్పుడు బార్బడోస్ ఏం చేసింది? తన గోల్లో తానే బంతి వేసుకుంది. 2-2 సమానమై ఆట ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్ళేలా అయింది. గ్రెనడాకి సంగతి అర్థమై, ఒక్క గోలు తేడాతో ఓడినా తామే ముందుకి వెళ్తాం కాబట్టి ఏ గోల్లో వేసినా చాలని రెండు వైపులా పరుగెత్తింది. బార్బడోస్ వాళ్ళు రెండు వైపులా గోలుని కాపాడుకున్నారు! ఎక్స్‌ట్రా టైమ్‌లో ఒక్క గోలు కొట్టి 4-2తో గెలిచారు.

వశిష్ఠ ఒడ్డు
మన దేశం ప్రశ్న ఒక్కటీ లేదేంటి? 1950 ప్రపంచ కప్పుకి మనవాళ్ళు ఎంపికై కూడా ఎందుకు వెళ్ళలేదు? బూట్లు లేకుండా ఆడటానికి వాళ్ళు ఒప్పుకోలేదు కాబట్టి.

డ్రిల్లు మాస్టారు
బాబూ, ఆ జవాబు పిల్లలకి చెప్పకండి. నేను సఖినేటిపల్లి వైపు ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశాను, నేనూ మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి. తర్వాత తెలుసుకుని దిద్దుకున్నాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఫ్రాన్స్‌తో ఆడి 2-1తోనే ఓడారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లోనూ ఎక్కువమంది వట్టి కాళ్ళే. ఆ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1 అయింది. 1952లో లేని అడ్డు 1950లో ఎక్కడిది? అర్హత గ్రూపులో మిగతావాళ్ళు తప్పుకోవడంతో మనకి చోటు దొరికింది. జట్టు ఎంపిక, సాధనకి సమయం చాలదు అని చెప్పి మన ఫుట్‌బాల్ సమాఖ్య పంపలేదు. ఆ రోజుల్లో వాళ్ళకి ప్రపంచ కప్పు కన్నా ఒలింపిక్సే పెద్దది.

పిల్లలకి చెప్పాల్సిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. ఆటగాళ్ళకి చేతకాని కాలితోనే ఆడాలని రహీం గారు పోటీలు పెట్టేవారు. అది చదివాక నేనూ పెట్టాను. సార్వా కోతలయ్యాక దాళ్వా నాట్లు పడే లోపల దొరికే కొద్ది రోజులే మాకు గ్రౌండు. కొయ్యకాళ్ళు చెక్కించి, శుక్రవారం శుక్రవారం అందరూ ఎడమ కాలితోనే కొట్టాలి అన్నాను. మొదటి ఏడాది బంతి కన్నా ఎక్కువ పిల్లలే బోదెలో పడ్డారు. రెండో ఏడాది నుంచి మమ్మల్ని మండలంలో ఎవరూ ఆపలేకపోయారు.

1962 జకార్తా ఆసియా క్రీడలకి వెళ్ళేటప్పటికి రహీం గారికి క్యాన్సర్. ఫైనల్లో దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది దాకా, అందరూ మనకి వ్యతిరేకం. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి తీసి ముందు వరసలో నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతో జర్నైల్ ఒకటి. 2-1, బంగారు పతకం. తర్వాతి ఏడాది జూన్‌లో రహీం గారు పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు.

వశిష్ఠ ఒడ్డు
మాస్టారూ, నాది తప్పే. నలభై ఏళ్ళుగా అదే నమ్ముతున్నాను. మా ఊళ్ళో కూడా ఇక సరిగ్గా చెబుతాను.

పాలకొల్లు అమ్మాయి
భోగి అన్నారు కాబట్టి మంచు కథ ఒకటి. 1937 క్రిస్మస్ రోజు లండన్‌లో చెల్సీ, చార్ల్‌టన్ మ్యాచ్. పొగమంచు దట్టంగా కమ్మేసింది. చార్ల్‌టన్ కీపరు శామ్ బార్ట్రమ్, తన జట్టు అవతలి గోలు మీద దాడి చేస్తోంది కాబోలు, అందుకే బంతి ఇటు రావట్లేదు అనుకుని కాపలా కాస్తూనే ఉన్నాడు. చివరికి మంచులోంచి ఒక మనిషి వచ్చాడు. పోలీసు. మ్యాచ్ ఆపేసి పావుగంట అయింది, నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు అన్నాడు.

గౌతమి గట్టు
మొదటి ప్రశ్న రహీం గారి మీదే. మాస్టారూ, మీరే వచ్చి అడగాలి. బండి పంపిస్తాను.

డ్రిల్లు మాస్టారు
వస్తాను బాబూ. కానీ నర్సాపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటాను ఆ ముందు రోజు. భోగి పొద్దున్న మంచు పడితే రేవులో గోదారి దాటించే పంటు కదలదు. క్విజ్ పదకొండింటికి పెట్టుకోండి. పిల్లలు ఒక్కొక్కరూ ఎడమ కాలితో ఒక పెనాల్టీ కొట్టాకే ప్రశ్నలు మొదలెడదాం.