బరువు పెరుగుతోందని డిప్రెషన్ మందు మార్చమని అడగడం తప్పా?

వానచినుకు:
మిర్టజపిన్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. నిద్ర పడుతోంది, ఊరికే ఏడుపు రావడం ఆగింది, మళ్లీ పనిలోకి వెళ్తున్నాను. కానీ 58 కిలోలున్నదాన్ని 65కి వచ్చాను. రాత్రి మాత్ర వేసుకున్న గంటకల్లా ఆకలి, తీపి కోసం వెతుకులాట. డాక్టరుకు చెబితే "ముందు మనసు బాగుపడనివ్వండి, బరువు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఇంట్లోనూ అదే మాట. ఓర్చుకోవాలా, మందు మార్చమని గట్టిగా అడగాలా?

గట్టుమీద:
ఓర్చుకోమనే అంటానండీ. మూడేళ్ల క్రితం ఎస్సిటాలోప్రామ్ వాడుతూ ఆరు కిలోలు పెరిగాను. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను. మూడో రోజుకే తల తిరుగుడు, కళ్లు పక్కకి తిప్పితే తలలో షాక్ కొట్టినట్టు ఉండేది. రెండు నెలలకి మంచం దిగలేకపోయాను. బరువు తగ్గింది, నిజమే. తిండి సహించక తగ్గింది. పనిచేసే మందు ఒకటి దొరికాక దాన్ని వదులుకోకండి.

మందులచీటీ:
మందుల షాపులో ఉంటాను, ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. ముందుగా ఒక మాట: ఆ ఆకలి మీ బలహీనత కాదు. మిర్టజపిన్ మెదడులో హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాల సంకేతాలు అందుకునే గ్రాహకాలను అడ్డుకుంటుంది: హిస్టమిన్ గ్రాహకాలను, సెరటోనిన్ గ్రాహకాల్లో కొన్ని రకాలను. నిద్ర రావడానికి, ఆకలి పెరగడానికి కూడా అదే కారణం. నోరు కట్టుకోమని మిమ్మల్ని తప్పుపట్టడం అన్యాయం.

అన్ని మందులూ ఒకేలా ఉండవు. పరాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ బరువు పెంచే వైపు ఉంటాయి. ఫ్లూఆక్సెటిన్‌తో మొదట్లో కొంచెం తగ్గవచ్చు, అది ఎక్కువకాలం నిలవదు. బ్యుప్రోపియాన్‌తో పెరగడం తక్కువ, కొందరు తగ్గుతారు కూడా.

గట్టుమీద:
2024లో అమెరికాలో లక్షా ఎనభై వేల మందికి పైగా రికార్డులు చూసిన అధ్యయనం గురించి చదివాను. సెర్ట్రాలిన్‌తో పోలిస్తే ఎస్సిటాలోప్రామ్, పరాక్సెటిన్, డ్యులోక్సెటిన్ వాడినవాళ్లు ఆరు నెలల్లో సగటున అర కిలో లోపే ఎక్కువ పెరిగారట. అంత చిన్న తేడా కోసం మందు మార్చుకుంటామా?

మందులచీటీ:
అది సగటు. అసలు మారనివాళ్లు, తగ్గినవాళ్లు, ఎనిమిది కిలోలు పెరిగినవాళ్లు అందరూ అందులో కలిసిపోయి ఉంటారు. పైగా అందులో పోల్చిన ఎనిమిది మందుల్లో మిర్టజపిన్ లేదు. 2018లో బ్రిటన్‌లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో బరువు పెరిగే ముప్పు వాడకం రెండో, మూడో ఏళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. అందుకే "తర్వాత చూద్దాం" అనే మాటతో నేను ఒప్పుకోను. తర్వాత చూసేసరికి దించడం కష్టమవుతుంది. మీలాంటివాళ్లు చెప్పకుండా మానేయడానికి కూడా ఆ మాటే కారణం కదండీ. మీ బరువు గురించి మీ డాక్టరు ఒక్కసారైనా అడిగారా?

గట్టుమీద:
లేదు. అడిగి ఉంటే అంత పని చేసేవాణ్ణి కాదేమో.

పాతదిండు:
వానచినుకు గారూ, జబ్బు రాకముందు మీ బరువెంత? నాకు డిప్రెషన్ ముదిరినప్పుడు తిండి లేక చిక్కిపోయాను. కోలుకున్నాక పెరిగిందంతా మందు తెచ్చిందే అనుకున్నాను. సగం నా పాత బరువే తిరిగొచ్చింది. కొందరికి జబ్బులోనే ఆకలి పెరుగుతుంది, వాళ్ల లెక్క వేరు.

వానచినుకు:
ఇది నాకు తట్టనే లేదు. జబ్బుకు ముందు 62 ఉండేదాన్ని. అంటే అసలు పెరిగింది మూడు కిలోలు. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అయితే ఇంకా పెరుగుతూనే ఉంది, గత నెలలోనే కిలోన్నర.

మందులచీటీ:
62 మీద మూడు కిలోలంటే ఇంచుమించు 5 శాతం. అధ్యయనాల్లో లెక్కలోకి తీసుకునే గీత దాదాపు అదే. ఇంకా పెరుగుతోంది కాబట్టి ఇప్పుడే అడగండి. థైరాయిడ్ పరీక్ష చేయించారా? థైరాయిడ్ మందగిస్తే దిగులూ వస్తుంది, బరువూ పెరుగుతుంది.

పాతదిండు:
బ్యుప్రోపియాన్‌కి మారిపోతే సరిపోదా?

మందులచీటీ:
అందరికీ కుదరదు. మూర్ఛ ఉన్నవాళ్లకు, బులీమియా, అనొరెక్సియా లాంటి తిండి సమస్యలున్నవాళ్లకు అది ఇవ్వకూడదు. నిద్ర చెడగొట్టవచ్చు కూడా. ఈవిడకి మేలు జరిగిందే నిద్రతో. మార్చాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తూ మార్చాలి.

గట్టుమీద:
మానేయడం వేరు, మార్చమని అడగడం వేరు. నేను రెండూ ఒకటే అనుకున్నాను. వానచినుకు గారూ, అడగండి. మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా మీ అంతట మీరు ఆపకండి. ఆ రెండు నెలలు నాకు ఇంకా గుర్తున్నాయి.

వానచినుకు:
ఆపను, మాటిస్తున్నాను. గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. జబ్బుకు ముందు బరువు, మొదలుపెట్టిన రోజు బరువు, నెలనెలా బరువు ఒక కాగితం మీద రాసుకున్నాను. థైరాయిడ్, షుగర్ పరీక్షలు అడుగుతాను. నిద్ర చెడకుండా వేరే మందుకు మారే దారి ఉందా, లేక ఇదే కొనసాగిస్తే ఎన్ని కిలోల దగ్గర ఆగి మళ్లీ ఆలోచిద్దాం అని కూడా అడుగుతాను. ఆయన ఏమన్నారో గురువారం రాత్రి ఇక్కడే రాస్తాను.