స్పైడర్‌మ్యాన్ మాటకు మన పాలమూరు తెలుగు

గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "విత్ గ్రేట్ పవర్ కమ్స్ గ్రేట్ రెస్పాన్సిబిలిటీ అనే స్పైడర్‌మ్యాన్ మాటను మన నల్గొండ, పాలమూరు దిక్కు మనుషులు మాట్లాడుకునే తెలుగులో ఎట్లా చెప్పాలె?" కామెంట్‌లో ఇమడదని విడిగా రాస్తున్నాను. శామ్ రైమీ తీసిన తొలి మూడు సినిమాల వరకే (2002, 2004, 2007) మాట్లాడతాను. మూడింటి వెనకా ఈ వాక్యమే ఉంది: పెద్ద శక్తితో పాటే పెద్ద బాధ్యత కూడా వస్తుంది అని. కానీ అందులోని "రెస్పాన్సిబిలిటీ"కి మూడు చోట్లా ఒకటే అర్థం లేదు, కాబట్టి తెలుగులో ఒక్క మాటతో పని జరగదని నా అభిప్రాయం.

ముందు వాక్యం పుట్టుక. 1962 ఆగస్టు నాటి 'అమేజింగ్ ఫాంటసీ' అనే కామిక్ 15వ సంచికలో స్టాన్ లీ రాసి, స్టీవ్ డిట్కో బొమ్మలు గీసిన తొలి కథలో ఈ మాట పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్ పార్కర్) పెద్దనాయన బెన్ నోట రాదు. చివరి బొమ్మలో కథకుడి మాటగా వస్తుంది. పైగా అక్కడ "మస్ట్" ఉంది: శక్తితో పాటు బాధ్యత కూడా రావాల్సిందే అని. 2002 సినిమాలో ఆ "రావాల్సిందే" పోయి "వస్తుంది" మిగిలింది. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. "రావాలె" అనేది తీర్పు. బెన్ చావు జరిగిపోయాక కథకుడు చెప్పగలిగిన మాట. "వస్తది" అనేది పెద్దమనిషి తన అనుభవంతో పిల్లవాడికి మెల్లగా చెప్పే మాట. సినిమాలో బెన్ కారు ఆపి చెప్తాడు. మన వరసలో ఆయన పీటర్‌కు పెద్దనాయన. పీటర్ వినడు, నువ్వేమన్నా నా తండ్రివా అన్నట్టు విసుక్కుని దిగిపోతాడు.

ఈ మొదటి సినిమాకు నేను ఎంచుకునే మాట జిమ్మ. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. జిమ్మేదారి అని నిండుగా అంటాం గానీ, ఊళ్లో ఎక్కువ వినపడేది "అది నా జిమ్మ", "వాని జిమ్మకు ఇచ్చిన" అనే పొట్టి రూపమే. పాలమూరు నుంచి వలస పోయే కూలీల గుంపుకు మేస్త్రీ ఉంటాడు కదా, అడ్వాన్సుకూ మనుషులకూ రెండింటికీ అతనే జిమ్మ. ఒకరు అప్పజెప్తే ఇంకొకరు తీసుకునేదే జిమ్మ. దానంతట అది పుట్టదు, చేతికి అందాలి.

2002 సినిమాలో జరిగేది సరిగ్గా ఇదే. కుస్తీ పోటీలో గెలిచిన పీటర్‌కు మూడు వేల డాలర్లు రావాలి. నిర్వాహకుడు వంద చేతిలో పెట్టి, మిగతాది నాకేం సంబంధం అన్నట్టు మాట్లాడతాడు. మరు నిమిషం దొంగ వచ్చి అతని డబ్బు ఎత్తుకుపోతుంటే, పీటర్ పక్కకు జరిగి దారి ఇచ్చి, ఆ మాటనే తిరిగి అతనికి అప్పజెప్తాడు. దాన్ని మన తెలుగులో "అది నా జిమ్మ గాదు" అనే అంటాం. ఆ దొంగ చేతిలోనే పెద్దనాయన చనిపోయాడని తెలిశాక, దారిలో వదిలేసి వచ్చిన జిమ్మను పీటర్ జీవితాంతానికి ఎత్తుకుంటాడు. చివర్లో మేరీ జేన్ ప్రేమను కాదని నడిచిపోతూ ఆ వాక్యాన్ని తనకు తాను చెప్పుకుంటాడు. "ఎక్కువ తాకత్ ఉన్నోనికి ఎక్కువ జిమ్మ ఉంటది": ఈ సినిమాకు నా అనువాదం ఇది.

రెండో సినిమాకు మాత్రం జిమ్మ చాలదు. అక్కడ బాధ్యతే కావాలి.

బాధ్యతను మనం ప్రసంగాల్లో, పాఠ్యపుస్తకాల్లో వాడి వాడి అరగదీశాం. దాని లోపల బాధ ఉందన్నది మరిచిపోయాం. రెండింటిదీ ఒకే సంస్కృత ధాతువు: ఒత్తడం, పీడించడం, అడ్డగించడం అని దాని అర్థాలు. బాధ్యుడు అంటే ఒత్తిడికి లోబడ్డవాడు, తప్పించుకోలేనివాడు. హిందీలో బాధ్య అంటే ఇప్పటికీ "బలవంతంగా కట్టుబడ్డ" అనే అర్థం. 2004 సినిమా మొత్తం ఈ ధాతువు మీదే నడుస్తుంది. పీటర్ పిజ్జాలు ఆలస్యంగా చేర్చి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, అద్దె కట్టలేడు, చదువు వెనకబడుతుంది. చివరకు చేతుల్లోంచి దారం కూడా రాదు. కామిక్స్‌లో ఆ దారం అతను తయారుచేసుకున్న యంత్రంలోంచి వస్తుంది. రైమీ దాన్ని ఒంట్లోంచే రప్పించాడు. అందుకే మనసు విరిగితే దారం ఆగిపోయిందంటే నమ్మబుద్ధి అవుతుంది. డ్రెస్సు చెత్తకుండీలో పడేసిన పీటర్, ఏ శక్తీ లేకుండానే మంటల్లోకి దూరి ఒక పాపను బయటకు తెస్తాడు. అదే ఇంట్లో ఇంకొకరు కాలిపోయారని తర్వాత తెలుస్తుంది. శక్తి పోయినా బాధ్యత పోలేదు! అంటే ఈ సినిమా ఆ వాక్యంలోని మొదటి సగాన్ని తీసేసి రెండో సగాన్ని నిలబెట్టింది. సూపర్‌హీరో సినిమాల్లో నేను దీన్నే మొదట పెట్టడానికి కారణం అదే, రైలు సీను మాత్రమే కాదు.

కింద వచ్చిన రెండు కామెంట్లకు ఇక్కడే జవాబిస్తాను.

మిర్యాలగూడ సార్ "బలవంతుడ నాకేమని" అనే సుమతీ పద్యం ఉండగా పరాయి మాట దేనికన్నారు. సార్, ఆ పద్యం నాకూ ఇష్టమే. కానీ చలిచీమల చేత చిక్కి పాము చస్తుందని అది బలవంతుణ్ని హెచ్చరిస్తుంది. అక్కడ అదుపు బయటి నుంచి వస్తుంది, భయం వల్ల వస్తుంది. బెన్ మాటలో అదుపు లోపలి నుంచి రావాలి. రెండో సినిమా రైలులో ఇది తలకిందులుగా కూడా కనిపిస్తుంది. రైలును ఆపి స్పృహ తప్పిన బలవంతుణ్ని మామూలు జనం చేతుల మీద లోపలికి మోసుకుపోతారు. మాస్క్ లేని ముఖం చూసి, ఇంకా పిల్లగాడే అనుకుంటారు. పద్యంలో చీమలు చంపాయి, ఇక్కడ జనం కాపాడారు.

నారాయణపేట అక్క "మా దిక్కు కన్నడ కలిసి జవాబ్దారి అంటం, అది పనికిరాదా?" అని అడిగారు. పనికొస్తుంది అక్కా, మూడో సినిమాకు. కన్నడలో జవాబ్దారి మామూలు బాధ్యతే. తెలుగు రాతలో జవాబుదారీ అంటే చేసినదానికి జవాబు చెప్పుకోవడం. 2007 సినిమాలో అందరూ చెప్పుకోవాల్సింది జవాబే: ఒంటికి పట్టి మనసును మార్చే నల్లడ్రెస్సు మత్తులో మేరీ జేన్‌ను గాయపరిచిన పీటర్, తండ్రి చావుకు పగపట్టిన పీటర్ స్నేహితుడు హ్యారీ, బెన్‌ను నిజానికి కాల్చింది మొదటి సినిమా దొంగ కాదు, ఇతనేనని బయటపడ్డ ఫ్లింట్ మార్కో, అంటే సాండ్‌మ్యాన్. సాండ్‌మ్యాన్, ఆ నల్లడ్రెస్సు పట్టిన విలన్ వెనమ్, హ్యారీ ముగ్గురినీ ఒకే కథలో కుక్కడం వల్ల ఎవరి జవాబూ పూర్తిగా వినపడదు. సినిమాగా మూడింటిలో అదే వెనకబడిందంటాను. అయినా పీటర్ మార్కోను క్షమించే ఘట్టం నాకు గట్టిగా నిలిచింది. మొదటి సినిమాలో దొంగకు దారి ఇచ్చి అపరాధి అయినవాడు, ఇక్కడ మార్కో చెప్పుకున్నది విని అతణ్ని వెళ్లనిస్తాడు. రెండుసార్లూ వదిలిపెట్టడమే, కానీ మొదటిసారి జిమ్మ కాదనుకుని, రెండోసారి అవతలివాడి జవాబు విన్నాక.

"పవర్"కు శక్తి బదులు తాకత్ ఎందుకు పెట్టానని ఇంకొకరు అడిగారు. శక్తి అనగానే మన చెవికి అమ్మవారు, పూజలు గుర్తొస్తాయి. సాలీడు కుట్టిన హైస్కూలు పిల్లగానికి తాకత్ సరిపోతుంది. పూచీ అనే మాట ఎవరూ ఎత్తలేదు. ఇంకొకరి తరఫున హామీ ఉండటం కాబట్టి అది ఈ వాక్యంలో కుదరదనుకుంటాను. గద్వాల, దేవరకొండ, సూర్యాపేట దిక్కు పూచీని వేరే అర్థంలో వాడేవాళ్లుంటే ఒక వాక్యంలో పెట్టి రాయండి.