ఎడమచేతి యాక్షన్‌కు కుడిచేతి కుందా: ఎక్కడ కోయాలి, ఎక్కడ నింపాలి?

సిరొంచ వడ్రంగి:

అందరికీ నమస్కారం. నేను గడ్చిరోలి జిల్లా సిరొంచలో వడ్రంగిని. తలుపులు, కిటికీలు, మంచాలు చేయడం మా ఇంటి పని. తుపాకుల సంగతి నాకు తెలియదు. మా అన్న కూతురు నాగపూర్‌లో చదువుకుంటూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నది. ఆమెది ఎడమచేతి వాటం, గురికి నిలిచే కన్ను కూడా ఎడమదే. ఇంతకాలం క్లబ్బువారి కుడిచేతి రైఫిల్‌తోనే తంటాలు పడింది. ఆట మానేసిన ఒకాయన దగ్గర మా అన్న ఈమధ్య జర్మనీలో తయారైన పాత రైఫిల్ కొన్నాడు. ముందే గాలి నింపుకొనే సిలిండరు ఉన్న రకం. యాక్షన్ (గుండు పెట్టి పేల్చే లోహపు భాగం) ఎడమచేతివారి కోసం చేసినదే, లోడింగ్ లీవరు ఎడమ పక్కన ఉంది. అయితే దాని అసలు కుందా (చేత్తో పట్టి భుజానికి ఆన్చే చెక్క భాగం) మెడ దగ్గర విరిగిపోయిందట. అందుకని అమ్మినాయన అదే మోడల్‌కు చెందిన కుడిచేతి కుందాను ఇచ్చి పంపాడు. అది అక్రోటు చెక్క.

ఇప్పుడు యాక్షన్ కుందాలో కూర్చుంటున్నది కానీ ఎడమ పక్క చెక్క నిండుగా ఉండటం వల్ల లీవరు మూసుకోవడం లేదు. కుడి పక్కన మాత్రం ఎవరికీ పనికిరాని గాడి నోరు తెరుచుకుని ఉంది. చెంప ఆన్చే దిమ్మె ఎడమవైపు ఉంది, పిడి కుడి అరచేతికి మలిచినది. మా పాత ఇంటి ద్వారబంధం నుంచి తీసిన ఆలపల్లి టేకు నా దగ్గర ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఎండిన చెక్క. దానితో అతుకు వేయవచ్చా? ముందు ఎక్కడ ఉలి పెట్టాలి? లైసెన్సు లేని నేను ఈ పని చేస్తే చట్టం ఒప్పుకుంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

చంద్రపూర్ పాత ఆర్మరర్:

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. పోటీల ఎయిర్ రైఫిల్ శక్తి సుమారు 7.5 జౌళ్లే ఉంటుంది కనుక మీరు నిశ్చింతగా పని చేసుకోవచ్చు. రేపు ఆ అమ్మాయి .22 రైఫిల్‌కు మారి, దాన్ని కూడా బాబాయి దగ్గరికే తెస్తే మాత్రం తీసుకోకండి. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం మందుగుండుతో పేలే అటువంటి తుపాకులను బాగుచేయడానికైనా మార్చడానికైనా లైసెన్సు ఉండాలి. ఇంకో మాట. మన జిల్లాల్లో దారి పొడవునా తనిఖీలు ఉంటాయి. దూరం నుంచి చూసేవారికి ఇది ఎయిర్ రైఫిల్ అని తెలియదు కాబట్టి, కొన్న రసీదూ క్లబ్బు కార్డూ వెంట ఉంచుకుని, పెట్టెలో పెట్టే తీసుకువెళ్లండి.

ఇక పని విషయానికి వస్తే, లీవరు మూసుకోవడం లేదు కనుక ఎడమ పక్కన గాడి కోయాలని మీ చెయ్యి దురద పెడుతుంటుంది. ఆగండి. కుడి పక్కన ఇప్పటికే గాడి ఉంది. దానికి ఎదురుగా అదే చోట ఎడమ పక్కన కూడా కోస్తే మధ్యలో మిగిలే చెక్క పలుచనై, అడుగున ఉన్న కొద్దిపాటి వెడల్పు మీదనే మొత్తం బరువు పడుతుంది. కనుక ముందు కుడి గాడిని నింపాలి, ఆ అతుకు పూర్తిగా గట్టిపడిన తరువాతనే ఎడమ పక్కన ఉలి పెట్టాలి. నింపే ముక్క అంచులను నిట్టనిలువుగా కాక వాలుగా కోయండి, జిగురు పట్టే మేర పెరుగుతుంది. చెక్క నార కుందా పొడవునే పోవాలి. అడ్డంగా పెడితే చూడటానికి బాగున్నా బలం ఉండదు.

టేకు మంచిదే. తేమకు తక్కువగా కదిలే చెక్క అది; 45 డిగ్రీలు దాటే మన ఎండలకూ, ఆ వెంటనే వచ్చే వానలకూ అక్రోటు కన్నా అదే స్థిరంగా నిలుస్తుంది. అయితే టేకులో నూనె ఉంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. పాత ముఖం మీద జిగురు పట్టదు. అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు గీకి, ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే ఎపాక్సీ పూసి బిగించండి. తెల్ల జిగురు వద్దు.

ఎడమ గాడికి కొలతలు కాగితం మీద వేయకండి. లీవరు తిరిగే దారిని అట్టముక్క మీద గీసి, ఆ అట్టను కుందా మీద పెట్టి గుర్తు పెట్టుకోండి. కోయాల్సిన దానికన్నా తక్కువ కోసి, దీపం మసిని లోహానికి పలుచగా పూసి యాక్షన్‌ను కుందాలో కూర్చోబెట్టి తీయండి. మసి అంటిన చోటే తాకుతున్నది, అక్కడే గీకాలి. విసుగు పుట్టే పని, కానీ ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నేను చూడలేదు. లీవరు చుట్టూ రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. యాక్షన్ అడుగు మాత్రం చెక్క మీద గట్టిగా ఆనాలి. ఆఖరున యాక్షన్‌ను కుందాకు పట్టి ఉంచే రెండు మరలూ బిగించి, ఒకదాన్ని మెల్లగా వదులు చేస్తూ లోహమూ చెక్కా కలిసే చోట వేలితో తాకి చూడండి. యాక్షన్ పైకి లేస్తే అది కుందాలో వంగి కూర్చున్నట్టు లెక్క. అలా ఉంటే గురి నిలవదు.

బల్లార్షా కోచ్:

పైన అన్నగారు చెప్పిన దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ లీవరు గాడి ఒక్క పూట పని, పిల్ల గురిని తేల్చేవి చెంప దిమ్మె, పిడి. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే ఎంత మంచి యాక్షన్ ఉన్నా ప్రయోజనం ఉండదు.

కుడిచేతివారి కుడి చెంప కుందా ఎడమ పక్కకు ఆనుతుంది కాబట్టి దిమ్మె అక్కడ ఉంది. మీ అమ్మాయికి అది కుందా కుడి పక్కన కావాలి. పాతదాన్ని చెక్కివేసి కొత్తదాన్ని శాశ్వతంగా అతికించవద్దు. చెంప ఆనే చోట కుందా పైభాగాన్ని రంపంతో విడదీసి, రెండు కడ్డీల మీద పైకీ కిందికీ జరిగేలా వేరే దిమ్మె చేయండి. అటువంటి దిమ్మెను పోటీ నియమాలు అనుమతిస్తాయి. ఎదిగే పిల్ల, ఏడాదికొకసారి కొలత మారుతుంది. టేకును తాకే ముందు అట్టముక్కలు, టేపుతో నమూనా కట్టి ఆమె చేత పట్టించండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, తల బరువును దిమ్మె మీద వదిలి, అప్పుడు కళ్లు తెరవాలి. వెనుక సైటు రంధ్రం నడుమ ముందు సైటు దానంతట అదే కనబడితే ఎత్తు కుదిరినట్టే. మెడ సాచి వెతుక్కుంటే అట్టలు కలపండి, తీయండి. ఈ పరీక్ష ఆమె సాధన చేసే దుస్తులతోనే, నిలబడే చేయాలి. కుర్చీలో కూర్చోబెట్టి తీసిన కొలత పనికిరాదు.

పిడికి కుడి పక్కన ఉబ్బు ఉంటుంది, కుడి అరచేతిని నింపడానికి. ఆమెకు ఆ ఉబ్బు ఎడమ పక్కన కావాలి, కుడి పక్కన వేళ్ల కొసలకు చోటు కావాలి. ఇక్కడ కూడా ముందే చెక్కవద్దు. ఎం-సీల్ వంటి ముద్దను ఎడమ పక్కన అద్ది, తడి చేత్తో పట్టించి గట్టిపడనివ్వండి. నెల రోజులు ఆడిన తరువాత చెయ్యి ఎక్కడ నొప్పి పెడుతున్నదో ఆమే చెబుతుంది. ట్రిగ్గరు వేలు చెక్కను ఎక్కడా రాసుకోకుండా నేరుగా వెనక్కి రావాలి. మడమ పలక (కుందా వెనుక కొసన భుజానికి ఆనేది) పక్కకు జరిగే రకమైతే దాన్ని కాస్త ఎడమకు జరపండి, కుందాను వంచే అవసరం రాదు.

బరువు మరువకండి. సైట్లతో కలిపి 5.5 కిలోలు దాటకూడదన్నది నియమం. అది గరిష్ఠ హద్దు మాత్రమే, మీ పిల్లకు ఇంకా తక్కువ ఉంటేనే మేలు. దిమ్మెకు జిట్రేగి చెక్క వాడితే అందంగా ఉంటుందని ఎవరైనా చెబితే వినకండి, అది బరువు.

ప్రాణహిత అవతలి ఒడ్డు:

మీరంతా చెక్క గురించే మాట్లాడుతున్నారు. పాత రైఫిల్ అన్నారు కదా, సిలిండరు మీద ముద్రించిన తేదీ చూశారా? తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు చెబుతారు, పోటీల్లో గడువు దాటని సిలిండరు తెచ్చుకోవడం ఆటగాడి బాధ్యతే. 200 బార్ ఒత్తిడి దాచుకున్న డబ్బా అది. 25 డిగ్రీల దగ్గర 200 నింపి, తలుపులు మూసిన కారులో 60 డిగ్రీల వేడికి వదిలితే అది 223 దాకా పోతుంది. నింపినప్పుడు సిలిండరు కొద్దిగా ఉబ్బుతుంది కూడా; కుందా ముందు భాగపు చెక్కకూ దానికీ నడుమ ఖాళీ ఉండాలి. మసి పరీక్ష ఖాళీ సిలిండరుతో చేసి సరిపోయిందనుకోవద్దు.

సిరొంచ వడ్రంగి:

అన్నలకు నమస్కారాలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. సిలిండరు గడువు దాటి రెండేళ్లు అయింది. గాలి వదిలేసి పక్కన పెట్టాము, కొత్తదానికి మా అన్న డబ్బు కట్టాడు. కుడి గాడిని టేకుతో నింపి, వారం ఆగి ఎడమ పక్కన కోశాను. మసి పూసి తీయడం పదకొండు సార్లు పట్టింది. ద్వారబంధాలు చేసే చేతికి ఇది కొత్త ఓపిక. లీవరు ఇప్పుడు ఎక్కడా తగలడం లేదు, కానీ వెనుక మరను వదులు చేస్తే యాక్షన్ వెంట్రుకవాసి లేస్తున్నది. అమ్మాయి సెలవులకు వచ్చి అట్టల దిమ్మెతో నిలబడి చూసింది. పాత ఎత్తు మీద తొమ్మిది మిల్లీమీటర్లు పెంచితే కుదిరింది. దిమ్మెకు ఏ పూత వేయాలి? యాక్షన్ లేవడానికి ఏం చేయాలి?

చంద్రపూర్ పాత ఆర్మరర్:

వెనుక మర చుట్టూ చెక్క పల్లంగా ఉండి ఉంటుంది. లోహానికి బూటు పాలిష్ మందంగా పూసి, పల్లంలో ఎపాక్సీ వేసి, మరలను చేతి బిగువుతో మాత్రమే బిగించి ఒక రోజు వదలండి. పాలిష్ పూయకపోతే యాక్షన్ ఇక బయటికి రాదు, అలా ఇరుక్కున్నది ఒకటి నేను సుత్తితో తీయవలసి వచ్చింది. చెంప చెమటకు లిన్‌సీడ్ నూనె నిలవదు. పలుచని పాలీయురెథేన్ మూడు పూతలు, ఒక్కొక్కటి ఆరిన తరువాత ఒకటి వేయండి. లోపలి గాడులకూ అదే పూత ఒక్కసారి వేస్తే వానాకాలం తేమ ఎక్కదు, కానీ ఎపాక్సీ పని పూర్తయ్యాకే వేయండి.