పీజీ నర్సింగ్ ఆన్‌లైన్ చర్చల్లో అందరిదీ ఒకటే జవాబు, ఏం చేయాలి?

పీజీ_టీచర్: చర్చకు ప్రశ్న పెడితే గడువు చివరి రాత్రిదాకా ఒక్కరూ రారు. వచ్చాక అందరిదీ ఒకటే జవాబు, కింద "బాగా రాశారు మేడమ్" అని కామెంట్లు. పొద్దుట్నుంచి సెట్టింగులు మార్చి మార్చి తల వాచిపోయింది. వీళ్లతో మాట్లాడించే దారేదైనా ఉంటే చెప్పండి.

సిమ్‌ల్యాబ్: ప్రశ్న ఏమిటి? ఎంతమంది?

పాతకాపు: కెమెరాలు ఆన్ చేయించండి ముందు. ఆన్‌లైన్ చదువులపై పరిశోధన చేసిన గారిసన్ బృందం 2000లోనే టీచింగ్ ప్రెజెన్స్, అంటే టీచర్ ఉనికి, అని చెప్పింది. ముఖాలే కనిపించని క్లాసులో చర్చ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ కాలం టీచర్లకు మొహమాటం ఎక్కువైంది.

రాత్రిడ్యూటీ: ఆవిడ అడిగింది రాత చర్చ గురించి కదండీ. నైట్ డ్యూటీ దిగి కెమెరా ముందు కూర్చుంటే తెలుస్తుంది మీకు.

పీజీ_టీచర్: ప్రశ్న "సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) లక్షణాలు, నర్సింగ్ కేర్ వివరించండి". నలభై మంది, ఒకే గ్రూపు. అందరూ డ్యూటీలు చేసేవాళ్లే, ఆన్‌లైన్ క్లాసులకు మూడిల్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం.

సిమ్‌ల్యాబ్: పుస్తకంలో ఉన్నది అడిగితే పుస్తకమే తిరిగొస్తుంది. కేసును విడతలుగా వదలండి. ఆపరేషన్ అయిన రెండో రోజు, శ్వాస నిమిషానికి 24, బీపీ 96/60, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, జ్వరం మాత్రం లేదు. డాక్టర్‌కు ఫోన్ చేసి మొదటి వాక్యం ఏం చెబుతారు? రెండు రోజులాగి రక్తపరీక్షలో లాక్టేట్ ఎక్కువగా, 4 వచ్చిందని పెట్టి, ముందు రాసింది మార్చుకుంటారా అనండి. ఆరేడుగురికో గ్రూపు. మూడిల్‌లో చర్చ పెట్టే ఫోరం రకం క్యూ అండ్ ఏ పెడితే తను రాసేదాకా పక్కవాళ్లది కనిపించదు. రాసిన వెంటనే కూడా కనిపించదు, ఎడిటింగ్ గడువు దాటాలి, మామూలుగా 30 నిమిషాలు. పాడైందనుకోకండి.

పాతకాపు: ఇదంతా టీచర్ కనబడకుండా చేసేదే. ప్రెజెన్స్ ఎక్కడుంది?

సిమ్‌ల్యాబ్: టీచింగ్ ప్రెజెన్స్ అంటే ముఖం కాదు సార్. కోర్సును అమర్చడం, చర్చను నడపడం, అవసరమైనచోట నేరుగా చెప్పడం.

పాతకాపు: మాటలు. ముఖం చూడకుండా నడపడమెలా?

రాత్రిడ్యూటీ: ఈ వాదన పక్కన పెడితే, పోస్టుల లెక్కకు మార్కులిస్తే "బాగా రాశారు"లే వస్తాయి మేడమ్. అవతలివాళ్ల నిర్ణయాన్ని కారణంతో ఒప్పుకుంటేనో కాదంటేనో మార్కులివ్వండి.

పీజీ_టీచర్: క్యూ అండ్ ఏ పెట్టాను, థాంక్సండీ. మార్కుల పద్ధతి నా చేతిలో లేదు, విభాగంలో అడగాలి. గ్రూపులో ఇద్దరే రాసి మిగతావాళ్లు ఊరుకుంటే?